మే నెల కప్పలు

పుష్పకుమారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. వైద్య కళాశాల ఔషధశాస్త్ర విభాగంలో ఆ సంగతి తెలియనివాడు అధిపతి శ్రీరామ్మూర్తి ఒక్కడే. ఆమె మాట వినే అలవాటు ఆయనకు లేదు.

కప్ప గుండెను వేరుచేసి ఉప్పునీటిలో ఉంచితే గంటల తరబడి కొట్టుకుంటుంది. దాని కణంలోకి వెంట్రుకకన్నా సన్నని గాజుసూది దింపి, ప్రతి స్పందనకు ముందు లేచే విద్యుత్ అలను తెరమీద పరిశీలించడం ఆమె పని. గాజుగొట్టాన్ని మంటమీద సాగదీసి సూదులు తానే చేసుకునేది. రేవుకు ఇనుప ఖనిజం మోసే రైళ్ల అదురుకు సూది జారిపోయేది. అందుకని అవి తగ్గే వేళ చూసుకుని, ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా ప్రయోగశాలకే వచ్చేది.

1975లో, మనోవ్యాధుల వార్డులో కుంగుబాటుకు ఇస్తున్న ఒక మాత్రను ఆ నీటిలో కలిపి చూసింది. అల లేవడం మందగించింది. గుండె పైగది నుంచి కిందిగదికి కబురు ఆలస్యంగా చేరింది. మనసుకు వేసే మందు గుండెను పట్టుకుంటోంది. ముందుగా ఇ.సి.జి. తీయకుండా ఎవరికీ ఆ మాత్ర ఇవ్వవద్దని ఆమె కోరింది.

శ్రీరామ్మూర్తి నవ్వాడు. “అమ్మాయ్, అది మందు పని కాదు, హార్బరు రేడియో గోల. నీ సూదికి ఓడలన్నీ వినపడుతున్నట్టున్నాయి.”

మరుసటి ఏడాది వేసవిలో, పద్మనాభం అనే ఊరి నుంచి విభాగానికి కప్పలు తెచ్చే వరహాలు బుట్ట దించి అక్కడే కూలబడ్డాడు. బిడ్డ పోయిన దిగులుతో అతని భార్య పోతమ్మ ఆ వార్డులోనే ఉంది.

“డాట్టరమ్మా, ఆ బిళ్ల ఏసిన కాణ్ణించి మా ఆడది లెగిసి నిలబడితే సాలు, గుండె దడదడలాడి కళ్లు తిరిగి పడిపోతన్నాది. అడిగితే ‘నీకేటి తెలుసురా’ అన్నారు. నాను కప్పలోణ్ణి గదా!”

పుష్పకుమారి వార్డు డాక్టరు గురునాథరావు దగ్గరికి పరుగెత్తింది. ఆయన మెత్తని మనిషి. “ప్రొఫెసరుగారు ప్రమాదం లేదంటున్నారమ్మా. ముందు మీరిద్దరూ ఒక మాటమీదకు రండి,” అన్నాడు. అంతవరకూ పోతమ్మ మాత్ర మింగుతూ ఉండాలన్నమాట!

ఎవరి మాట నిజమో తేల్చేస్తానని శ్రీరామ్మూర్తి అందరి ముందూ ప్రయోగం పెట్టాడు. అది మే నెల. వానలకు గెంతే కప్పలు ఆ ఎండల్లో కనిపించవు. బీటలువారిన మళ్ల అడుగున, ప్రాణాన్ని సగం ఆర్పుకుని పడుకుంటాయి. వరహాలు తవ్వి తెచ్చినవి అవే. వాటి గుండె నిద్రలో నడిచినట్టు నడుస్తుంది. ఈ మందు నెమ్మదైన గుండెను వదిలేసి, వేగంగా కొట్టుకునే గుండెనే పట్టుకుంటుందని పుష్పకుమారి ఆయనకు ముందే చెప్పింది.

మందు పడింది. అల మారలేదు.

“చూశారుగా? ఆడవాళ్ల భయాలు,” అన్నాడు శ్రీరామ్మూర్తి. వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఇవి మే నెల కప్పలు సర్,” అంది ఆమె, వినీ వినపడనంతగా. “పోతమ్మ గుండె నిద్రపోవడం లేదు.”

“కూర్చో అమ్మాయ్.”

ఆమె కూర్చోలేదు. పరికరం దగ్గరికి వెళ్లి, గుండెను కరెంటుతో తట్టి వేగం పెంచే మర తిప్పింది. విద్యుత్ తాకిడికి గుండె పైగది వేగం పెరిగింది. ఆ వేగంలో అలలు ఒక్కొక్కటే సాగి, వంగి, చివరికి ఒకటి విడిచి ఒకటే కిందిగదికి చేరసాగాయి.

“ఆపు! గుండె ఆగిపోతుంది!” అని శ్రీరామ్మూర్తి అరిచాడు.

“కప్ప గుండె గురించా సర్, తమరి భయం?”

ఆమె మర మీద నుంచి చెయ్యి తీయలేదు. గురునాథరావు తెర వంక చూసి, కుర్చీ వెనక్కు తోసి, వార్డుకు నడిచాడు. ఆ సాయంత్రమే పోతమ్మకు మాత్ర ఆపారు. ఇ.సి.జి. లేకుండా అది ఎవరికీ ఇవ్వరాదన్న నిబంధన కూడా వచ్చింది.

మర్నాటికి శ్రీరామ్మూర్తి ఆ పరికరం గదికి తాళం వేయించాడు. తాళం తీయించుకోవడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. ఈలోగా ఆ ఫలితాలు పత్రికకెక్కాయి. ఆనవాయితీ ప్రకారం ఆచార్యుడైన శ్రీరామ్మూర్తి పేరు ముందు, ఆమె పేరు చివర.

1984లో శ్రీరామ్మూర్తి పదవీ విరమణ సభ జరిగింది. దండల మధ్య కూర్చున్న ఆయన వైపు చేయి చూపి, ఆ ప్రమాదాన్ని మన కళాశాలలో మొదట పసిగట్టింది వీరేనని ఒక వక్త పొగిడాడు. ఆయన తల ఊపాడు. సీతమ్మధారలోని తన ఇంటి నుంచి రావద్దనుకుంటూనే వచ్చిన పుష్పకుమారి లేచి నిలబడింది.

“ఏ నెల కప్పలతో సర్?”

ఈసారి ఆ గొంతు చివరి వరుస దాకా వినపడింది.