మా క్లీవన్ పాటా, మాటా

మా తమ్ముడు క్లీవన్ పెటిఫర్డ్‌కి ఐదో ఏట నత్తి వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరూ తేల్చలేదు. కుక్క తరిమిందని అమ్మ అనేది. అమ్మవైపు మేనమామకి ఉండేదని నాన్న అనేవాడు. ఎందుకొస్తేనేం, నార్త్ ఫిలడెల్ఫియాలో వాడి తరఫున మాట్లాడే పని నా మీద పడింది. నేను వాడికంటే రెండేళ్ళు పెద్ద. కొట్లో వాడు “బ... బ...” అనగానే “బ్రెడ్డు కావాలటండీ” అని అందుకునేదాన్ని. బళ్ళో కొత్త టీచరు వాడి పేరడిగితే పై తరగతి నుంచి నన్ను పిలిపించేవాళ్ళు. నేను వెళ్ళి వాడి పేరు చెప్పి మళ్ళీ నా తరగతికి వచ్చి కూర్చునేదాన్ని.

చర్చిలో మాత్రం వాడికి నాతో పని ఉండేది కాదు. పాడేటప్పుడు వాడికి ఒక్క అక్షరం కూడా అడ్డుపడేది కాదు. మా గాయకబృందాన్ని నడిపే సిస్టర్ మోజెల్ ఇది కనిపెట్టి, తొమ్మిదో ఏటే వాణ్ణి ముందు వరసలో నిలబెట్టింది. పదిహేనేళ్ళకి అందరి మగపిల్లల్లాగే వాడి గొంతూ బొంగురుపోయింది. కానీ పాట అందుకుంటే ఆ గొంతు ఆడవాళ్ళకి కూడా అందని ఎత్తుకి ఇట్టే వెళ్ళిపోయేది. ఎండాకాలం ఆదివారాల్లో వాడు పాడుతుంటే, అట్ట విసనకర్రలు ఊపుకుంటున్న ఆడవాళ్ళు చేతులు ఆపేసేవారు. పాట అయిపోగానే వాడు తల దించుకుని నా పక్కన వచ్చి కూర్చునేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే వాడి బదులు నేనే థాంక్స్ చెప్పేదాన్ని.

చదువయ్యాక వాడు పరుపుల ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ కుట్టుమిషన్ల మోత మీద పాడుకునేవాడట. ఆ మోతను దాటి వినిపించిన గొంతు ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకి, లైల్ గ్రాడీ అనే రికార్డుల నిర్మాత చెవిన పడింది. గ్రాడీ మంచి పొడగరి, మాటకారి. వాణ్ణి స్టూడియోకి పిలిచాడు. వెనక పాడడానికి నన్నూ, మా పిన్ని కూతురు ఆర్వెల్లానూ తీసుకున్నాడు. అది డెబ్భై అయిదో సంవత్సరం. క్లీవన్ తనే రాసుకున్న పాట ఒకటి పాడాడు. బస్‌స్టాపులో నిలబడిన ఒకతను పక్కనున్న అమ్మాయితో, ఇంకో బస్సు పోనీ, ఇంకాసేపు నిలబడదాం అని బతిమాలే పాట. కింద డ్రమ్ములు ఎక్కడా ఆగకుండా నడుస్తాయి. పైన ఇరవై వయొలిన్లు. ఆ రెంటికీ మధ్య వాడి గొంతు. వాద్యాలవాళ్ళలో ఒక పెద్దాయన పాట అయ్యాక వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, “నీ బస్సు నిజంగా పోయిందా నాయనా?” అని అడిగాడు. క్లీవన్ నవ్వాడు.

ఆ వేసవిలో మా వీధిలో ఏ కిటికీ తెరిచి ఉన్నా అదే పాట. డ్యాన్సు హాళ్ళలో వరసగా మూడుసార్లు వేయించుకునేవారు. ఆ గొంతు విని చాలామంది ఆడమనిషి అనుకున్నారు. మిస్ పెటిఫర్డ్ గారికి అంటూ ఉత్తరాలొచ్చేవి. నాన్న వాటిని భోజనాల బల్ల దగ్గర గట్టిగా చదివేవాడు. వాడు సిగ్గుపడుతూనే, కార్న్‌బ్రెడ్ తుంచి నోట్లో వేసుకుంటూ వినేవాడు.

గ్రాడీకి మాత్రం ఒకటే భయం. డ్యాన్సు పాటలవాడంటే జనానికి వయ్యారం కావాలి, నత్తి బయటపడితే నవ్వులపాలవుతామని వాడికి మొదటిరోజే చెప్పేశాడు. పత్రికలవాళ్ళకి మాత్రం క్లీవన్ పాటలోనే తప్ప మాట్లాడని మనిషి అని చెప్పుకున్నాడు. ఏ ఊరు వెళ్ళినా, బాల్టిమోర్ అయినా షికాగో అయినా, వాడు పక్కన కూర్చుని నవ్వుతుంటే జవాబులు నేను చెప్పేదాన్ని. నిజం దాచుకోను, నాకది బాగుండేది. మెరుపుల గౌను వేసుకుని, ఫోటోలవాళ్ళ ముందు కాలు మీద కాలేసుకుని, మా తమ్ముడేమనుకుంటాడంటే, అని మొదలుపెట్టేదాన్ని.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం మా ఊరి రేడియోలోనే కార్యక్రమం పెట్టారు. నడిపేది జెరోమ్ స్టాటన్. రికార్డు చేసి వేసేది కాదు, మాట్లాడింది మాట్లాడినట్టు ఊరంతా వింటుంది. గాజు గోడకవతల గ్రాడీ నిలబడ్డాడు. జెరోమ్ పాట వేసి, అయ్యాక, “ఈ పాట నీకెలా తట్టిందయ్యా క్లీవన్?” అన్నాడు.

నేను నోరు తెరిచాను. బల్ల కింద వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

“అక్కా, ఆ... ఆగు. నే... నేను చెప్తా.”

గాజు గోడ అవతల గ్రాడీ రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. జెరోమ్ అటు చూడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, “తొందరేం లేదు, నేనిక్కడే కూర్చుంటా” అన్నాడు.

“బ్రాడ్ వీధి స్టాపులో ఒ... ఒకమ్మాయి ఉండేది. ఆమె పేరు వ... వ...”

అక్కడ మాట ఆగిపోయింది. ఆ పేరు నాకు తెలుసు. నా నాలుక చివరి దాకా వచ్చింది. వాడి వేళ్ళు నా మణికట్టు మీద ఇంకా గట్టిగా బిగిశాయి. రేడియోలో అంతసేపు నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చివరికి “వర్నీస్” అన్నాడు. తర్వాత కొంచెం కొంచెంగా మిగతాదీ చెప్పాడు. రోజూ ఆమెను పేరు పెట్టి పలకరిద్దామనుకునేవాడు. ఆ పేరు నోట్లోంచి వచ్చేలోపే బస్సొచ్చి ఆమె ఎక్కి వెళ్ళిపోయేది. వీడేదో చెప్పబోతున్నాడని తెలిసి ఆమె ఒకరోజు రెండు బస్సులు వదిలేసింది. మూడోది ఎక్కేసింది.

“పా... పాటలో మాత్రం అంతా చెప్పేశాను” అన్నాడు.

బయట నడవాలో గ్రాడీ మొహం ఎర్రబడిపోయి ఉంది. రెండేళ్ళ కష్టం నాలుగు నిమిషాల్లో నేలపాలు చేశావని వాడితో అని, నా వైపు తిరిగి, మనిషిని ఆపలేకపోయావా అని, విసురుగా వెళ్ళిపోయాడు. నాకూ కోపంగానే ఉంది.

“ఎందుకురా అంత అవస్థ? నేను చెప్పేదాన్ని కదా.”

వాడు గోడకి ఆనుకున్నాడు. “నువ్వు బా... బాగానే చెప్తావక్కా. కానీ నువ్వు చెప్పేది నేను చెప్పబోయేది కాదు. చిన్నప్పుడు కొట్లో కూడా అంతే. నాక్కావలసింది బ్రెడ్డు కాదు. బ... బటర్‌స్కాచ్ బిళ్ళలు.”

“మరి ఒక్కసారైనా చెప్పలేదేంరా?”

“చె... చెప్పనిచ్చావా?”

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. వాడు చొక్కా జేబులోని రుమాలు నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత వాడి మాట మధ్యలో అందుకోకూడదని ఒట్టేసుకున్నాను. ఎన్నిసార్లు తప్పానో లెక్కలేదు. తప్పినప్పుడల్లా వాడు మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు.

గ్రాడీ భయం పూర్తిగా అబద్ధం కాలేదు. ఒకరిద్దరు అనౌన్సర్లు వాణ్ణి అనుకరించి నవ్వుకున్నారు. ఒక టీవీ కార్యక్రమం వాళ్ళు రావద్దన్నారు. రెండో రికార్డు అంతగా అమ్ముడుపోలేదు. వర్నీస్ ఆ రోజు రేడియో విన్నదో లేదో మాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఉత్తరాలు వచ్చాయి. నత్తి ఉన్నవాళ్ళు రాసినవి, వాళ్ళ అమ్మలు రాసినవి. క్లీవన్ వాటికి కాగితం మీద జవాబు రాయలేదు. క్యాసెట్‌లో మాట్లాడి, తడబడినదంతా అలాగే ఉంచి పంపేవాడు.

డిస్కో అని పిలిచే ఆ డ్యాన్సు పాటల రోజులు మా కళ్ళముందే ముగిశాయి. డెబ్భై తొమ్మిదిలో వాటితో విసిగిపోయిన జనం ఆ రికార్డులను విరగ్గొట్టి నవ్వుకున్నారు. రెండేళ్ళలో గ్రాడీ కంపెనీ మూసేసి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాడు. క్లీవన్ మళ్ళీ పరుపుల పనికే వెళ్ళాడు. దిగులుపడ్డాడా అంటే పడ్డాడు. ఒక శీతాకాలమంతా చర్చిలో కూడా పాడలేదు.

క్యాసెట్లు అందుకున్నవాళ్ళలో ఐయోన్ క్రచ్‌ఫీల్డ్ అనే టీచరు ఒకావిడ ఉండేది. నత్తి ఉన్న పిల్లలకి మాట నేర్పడమే ఆమె ఉద్యోగం. శనివారాలు వచ్చి పిల్లలతో పాడించమని అడిగింది. వాడు వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళు వెళ్ళాడు. పాడితే నత్తి పోతుందని ఏ బిడ్డకీ ఆశ పెట్టలేదు. పాట ఊపిరి తీసుకోవడానికి, మాట మాత్రం ఎవరిది వాళ్ళే మాట్లాడుకోవాలి అనేవాడు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలన్నది ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క నియమం. వాడు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఐదో ఏట ఐయోన్ మా ఇంటి కోడలైంది.

రెండువేల నాలుగులో ఇంగ్లండు నుంచి పిలుపొచ్చింది. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో సోల్ అనే అమెరికా నల్లవాళ్ళ పాత పాటలంటే ప్రాణమిచ్చే మనుషులు ఏటా మధ్యాహ్నం డ్యాన్సు పెట్టుకుంటారట. అప్పటికి క్లీవన్ పై గొంతు పోయింది. పాటను రెండు మెట్లు దించి పాడాడట. వాళ్ళు దాన్ని పట్టించుకోలేదట, మొదటి మాట నుంచి వాళ్ళే అందుకున్నారట.

ఇవన్నీ నాకు వాడితో వెళ్ళిన ఐయోన్ చెప్పింది. క్లీవన్ ఆ మర్నాడు ఉదయం ఫోన్ చేసి పాట ఊసే ఎత్తలేదు. పొద్దున ఫలహారంలో చిక్కుడు గింజలు పెట్టారని మొదలుపెట్టాడు. అవి కూడా తియ్యటి ట... టమాటా రసంలో. దాని పక్కన వేపిన బ్రెడ్డు. ఆ బ్రెడ్డు మీద ఇంకేదో నల్లటి పచ్చడి, దాని పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళు బస చేసిన ఇంటావిడ మంచిదట, రెండోసారి వడ్డించబోతే వద్దనలేక తిన్నాడట. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పొయ్యి మీద కాఫీ చల్లారిపోతూ ఉంది. వాడింకా చెబుతూనే ఉన్నాడు.