రేపల్లె నర్సమ్మగారి నీలం ఉత్తరాలు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా తెనాలి ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగారు హాబీ క్లబ్బు పెట్టారు. శనివారం బడి వదిలాక గంటన్నరసేపు ఎంబ్రాయిడరీ, బొమ్మలు వెయ్యడం, పుస్తకాల బైండింగు నేర్పేవారు. దారాలూ రంగులూ అట్టలూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మా నాన్న తెనాలి స్టేషన్లో పోర్టరు. ఎర్ర చొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ. అట్ట కావాలంటే ఎలాగో కొనిచ్చేవాడే. నాకే అడగబుద్ధి కాలేదు. కిటికీ బయట నిలబడి కాసేపు చూసి ఇంటికి పోయేదాన్ని.

మూడో శనివారం టీచరుగారు బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎండలో నిలబడి చూడ్డం దేనికి? లోపలికి రా."

"నా దగ్గర అట్ట లేదండి."

"అట్ట ఉందా అని నేనడిగానా?"

నాలాంటి పిల్లలు ఇంకా నలుగురైదుగురు ఉన్నారని ఆవిడకి అప్పటికే తెలుసు. అందుకు ఆవిడ ఒక ఉపాయం ఆలోచించారు. వాడేసిన తపాలా స్టాంపుల్ని కట్టలుగా కొనుక్కునే వ్యాపారి మద్రాసులో ఉన్నాడట. మేమంతా ఊళ్ళో పాత కవర్లు పోగుచేసి స్టాంపులు ఊడదీసి ఆయనకి పంపితే, వచ్చినదానితో మా అట్టలూ దారాలూ కొంటారు. మిగిలినది దాచి ఏటా వేసవి సెలవుల్లో ఒక పిల్లని బాపట్ల పంపి బైండింగు పని నేర్పిస్తారు. దాని పేరు స్కాలర్‌షిప్పు అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఇక మా గుంపు ఊరి మీద పడింది. రైసు మిల్లులు, ప్లీడర్ల ఇళ్ళు, ఎరువుల కొట్లు. ఒక మిల్లు గుమాస్తా మమ్మల్ని చూసి, "ఏంటమ్మా, చెత్త ఏరుకోవడం కూడా బళ్ళో నేర్పుతున్నారా?" అని నవ్వాడు. మళ్ళీ వారం వెళ్ళేసరికి ఆయనే ఒక బిస్కెట్ల డబ్బా నిండా కవర్లు దాచి ఉంచాడు. మా నాన్న పార్సిల్ ఆఫీసులో అడిగి తీసుకున్న కవర్లు తలగుడ్డ మడతల్లో పెట్టుకుని తెచ్చేవాడు.

స్టాంపుని గోటితో లాగితే చిరుగుతుంది. చుట్టూ కాస్త కాగితం ఉంచి కత్తిరించాలి. ముక్కల్ని బేసిన్ నీళ్ళలో వెయ్యాలి. జిగురు నానాక కాగితం అడుగుకి పోయి స్టాంపు చేతికొస్తుంది. దాన్ని పాత పేపరు మీద బోర్లా ఆరబెట్టి, రాత్రంతా లెక్కల పుస్తకం కింద అదిమి ఉంచాలి. అంచున ఒక్క పన్ను విరిగినా మద్రాసు వ్యాపారి తీసుకోడు. ఈ పనిలో నా చెయ్యి తొందరగా కుదిరింది. టీచరుగారు విదేశీ స్టాంపులు వస్తే నాకే ఇచ్చేవారు.

అందుకే రేపల్లె పంపడానికి నన్నే ఎంచుకున్నారు. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన నర్సమ్మగారొకరు అక్కడ ఒంటరిగా ఉండేవారు. టీచరుగారికి చర్చి పరిచయం. నర్సమ్మగారితో కలిసి పనిచేసిన ఒక జర్మనీ నర్సు సొంత దేశం వెళ్ళిపోయాక నెలనెలా ఆవిడకి తెలుగులోనే ఉత్తరాలు రాసేదట. ఆ కవర్ల మీద స్టాంపులు తీసుకోమని నర్సమ్మగారు కబురు చేశారు. ఒక శనివారం సెలవొస్తే మా నాన్న నన్ను పొద్దున బండెక్కించి, గార్డుగారికి నాలుగుసార్లు అప్పజెప్పాడు.

నర్సమ్మగారిది పెంకుటిల్లు. స్టేషన్‌కి దగ్గరే. తెల్లచీర, మగవాళ్ళ చేతిగడియారం, గొంతు మాత్రం ఖంగుమని మోగేది. నాకు ఉప్మా పెట్టి, చెక్క పెట్టె ముందు కూర్చోబెట్టారు.

"స్టాంపులు నువ్వు తీసుకో, ఉత్తరాలు నాకుంచు. ఇదిగో కత్తెర, ఇదిగో బేసిన్."

అంతలో ఎవరో మనిషి ఆయాసపడుతూ వచ్చాడు. భార్యకి నొప్పులట. ఆవిడ సంచీ భుజాన వేసుకుని, "నీ బండి వేళకి నేను రాకపోతే తలుపు దగ్గరగా వేసి పో తల్లీ" అని వెళ్ళిపోయారు.

పెట్టెలో కవర్లతోబాటు మడిచి అతికించిన నీలం కాగితాలు ఉన్నాయి. అవీ కవర్లే అనుకున్నాను. కాగితమే ఉత్తరం, మడత పెడితే కవరు అయిపోయే విదేశీ ఎయిర్ లెటరు నేను అంతకుముందు చూడలేదు. మా ఇంటికి వచ్చేవన్నీ కార్డుముక్కలే. శ్రద్ధగా, అంచులు చెడకుండా పదకొండు కత్తిరించి నీళ్ళలో వేశాను. కాసేపటికి బేసిన్‌లో నీళ్ళు నీలంగా మారాయి. కాగితం రంగు దిగుతోందనుకుని ఒక ముక్క తీసి వెనక్కి తిప్పాను. తెలుగు అక్షరాలు. గుండ్రంగా, పెద్దగా, కొత్తగా రాయడం నేర్చిన పిల్లలు రాసినట్టున్నాయి. నేను చూస్తుండగానే కరిగి జారిపోయాయి. మిగతా ముక్కల్ని గబగబా తీశాను. ఒక్కదాని మీదా ఒక్క మాట మిగల్లేదు.

ఏడుపు కూడా రాలేదు. ఉత్తరాల్ని ఉన్న వరసలోనే పెట్టెలో సర్దాను. మూత వేశాను. తడి స్టాంపులు పేపర్లో చుట్టుకుని, తలుపు దగ్గరగా వేసి స్టేషన్‌కి వచ్చేశాను. రేపల్లెలో లైను ఆఖరు. బండి వేళ అయ్యేదాకా అక్కడే ఆగి ఉంటుంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆవిడ పెట్టె ఇప్పట్లో తెరవదు, తెరిచినా అప్పటికి నేనెక్కడో ఉంటాను అనుకున్నాను. ఈల వేశారు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, దిగిపోయాను. బండి నన్ను వదిలేసి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళేసరికి ఆవిడ బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు.

"అదేంటి, బండికి పోలేదూ? మగపిల్లాడే! కాళ్ళు ముందొచ్చి మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టాడు."

"మీ ఉత్తరాలు పాడుచేశానండి."

ఆవిడ తడికాళ్ళతోనే లోపలికి వెళ్ళి పెట్టె తెరిచారు. ఒక నీలం కాగితం విప్పి చూశారు. స్టాంపు కత్తిరించిన చదరపు కన్నంలోంచి ఆవిడ తెల్లచీర కనిపించింది. ఒకదాని తర్వాత ఒకటి పదకొండూ విప్పి, మంచం మీద కూర్చున్నారు. కొడతారని నిలబడ్డాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అన్నారు. "నువ్వు పోయుంటే నాకు ఎప్పటికి తెలిసేదో."

"బండెక్కానండి. మళ్ళీ దిగాను."

"ఎందుకు దిగావు?"

"తెలీదండి."

ఆవిడ లేచి చెప్పులేసుకున్నారు. "పద. ముందు మీ నాన్నకి చెప్పించాలి. బండిలో నువ్వు కనపడకపోతే మనిషి అల్లాడిపోతాడు." స్టేషన్ మాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి, పోర్టరు కూతురు క్షేమంగా ఉంది, రేపు సాయంత్రం వస్తుంది అని రైల్వే ఫోన్లో తెనాలికి కబురు పెట్టించారు. ఇంటికొచ్చి నాకు చారన్నం కలిపి పెట్టారు. తను మటుకు ఏమీ తినలేదు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక ఆవిడ అన్నం మెతుకులు నలిపి జిగురు చేశారు. పల్చటి కాగితం ముక్కలు కోసి, ఒక్కో కన్నానికీ వెనకనుంచి అతికించమన్నారు. ఆరాక నా చేతికి పెన్ను ఇచ్చారు.

"నేను చెబుతాను, నువ్వు రాయి."

"మీకు గుర్తున్నాయాండీ?"

"ముప్పై ఏళ్ళు ఒకే వార్డులో పనిచేశాం. తన ఉత్తరం వస్తే నేను ఒకసారి చదివి ఊరుకుంటానా?"

ఆవిడ ముందు మాట, తర్వాతి మాట చదివి, కళ్ళు మూసుకుని మధ్యలో పోయింది చెప్పేవారు. "మా వూరిలో మంచు పడినది. నీ వంకాయ కూర తలచినాను. ఇక్కడ కోడి గుడు ఉన్నది, కారము లేదు." నేను 'గుడ్డు' అని రాశాను. ఆవిడ ఊరుకోలేదు.

"గుడు అనే రాయి. డ వత్తు దానికి ముప్పై ఏళ్ళైనా రాలేదు" అని నవ్వారు. నిన్నటినుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

తొమ్మిది ఉత్తరాలు పూర్తయ్యాయి. రెండింట్లో మాటలు ఎంత ఆలోచించినా ఆవిడకి రాలేదు. అందులో ఒకటి, ఆ స్నేహితురాలి తల్లి పోయినప్పుడు రాసినది. ఏవైనా కల్పించి చెబుతారేమోనని చూశాను. "వద్దులే. ఖాళీగానే ఉండనీ" అన్నారు.

సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద మా నాన్న నేనున్న రైలుపెట్టె దగ్గరికే వచ్చాడు. ఇంటికి నడుస్తూ జరిగిందంతా చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను. "మా పనిలోనూ అంతేనమ్మా. పెట్టె జారితే జారిందని చెప్పాలి. చెప్పని కూలోడికి రెండోసారి ఎవడూ పెట్టె ఇవ్వడు" అని మాత్రం అన్నాడు. టీచరుగారికి చెప్పే ధైర్యం మటుకు నాకు చాల్లేదు. స్టాంపుల పొట్లం ఇచ్చి తల వంచుకున్నాను.

తొమ్మిదో తరగతి అయిన వేసవిలో స్కాలర్‌షిప్పుకి ముగ్గురం పోటీ పడ్డాం. టీచరుగారు నా పేరు చదివారు. బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో బైండరు మేస్త్రిగారి దగ్గర పని. ఉండడం టీచరుగారి చెల్లెలింట్లో. మేస్త్రిగారు మొదటి వారమంతా నన్ను పుస్తకం ముట్టుకోనివ్వలేదు. మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి జిగురు కాయడమే పని. ఉండ కడితే పారబోయించేవారు. "జిగురు చెడితే పుస్తకం చెడుతుందమ్మాయ్, తొందరెందుకు?" అనేవారు. రెండోవారం సూదీ దారం ఇచ్చారు. సెలవులయ్యేసరికి నలభై ఏళ్ళనాటి నిఘంటువుకి కొత్త వీపు కట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టి విప్పి, మూసి, ఏమీ అనకుండా అలమరలో పెట్టారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదేనని తర్వాత తెలిసింది.

నన్నే ఎందుకు ఎంచుకున్నారని టీచరుగారిని పదకొండో తరగతి పరీక్షలయ్యాక అడిగాను. రేపల్లె నర్సమ్మగారు ఒక కార్డు రాశారట. అందులో, "ఈ పిల్ల నా పెట్టెలో చేసిన తప్పు చెప్పకుండా పోగలిగిన రోజున తానే తిరిగొచ్చి చెప్పింది. దీనికి పని నేర్పించండి" అని ఉందట. ఏ పెట్టో, ఏం తప్పో ఆవిడ రాయలేదు. టీచరుగారు కూడా అడగలేదు. అప్పుడు నేనే మొత్తం చెప్పాను. ఆవిడ విని, "అంత గొడవ జరిగిందా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.

డెబ్బైల మొదట్లో మేస్త్రిగారు రిటైరవుతూ నా పేరు చెప్పారు. ఆ లైబ్రరీలోనే ఉద్యోగం వచ్చింది. బాపట్ల వెళ్ళే రోజున నా ట్రంకుపెట్టె మా నాన్న తలమీద పెట్టుకుని మెట్ల వంతెన ఎక్కాడు. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఇంకో పోర్టరు అందుకోబోతే, "ఇది కూలి సామాను కాదురా" అని పక్కకి తప్పుకున్నాడు. పెట్టె బల్ల కింద పెట్టి, రెండుసార్లు లాగి చూసి, సరిగా కూర్చుందని నమ్మాకే బండి దిగాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ప్రతి వేసవికీ టీచరుగారు పాసింజరు బండిలో ఒక కొత్త పిల్లని వెంటబెట్టుకుని బాపట్ల వచ్చేవారు. పిల్లని నాకప్పజెప్పి, లైబ్రరీ వరండా బల్ల మీద కాసేపు నడుం వాల్చేవారు. మీవల్లే ఈ కూడు తింటున్నానని ఆవిడతో ఒక్కసారైనా నోరు తెరిచి అనలేదు. మా ఇళ్ళలో అలా చెప్పుకునే అలవాటు లేదు. ఆవిడ వస్తున్నట్టు కార్డు అందిన రోజునుంచీ ఆవిడకిష్టమైన పచ్చడికి గోంగూర ఎక్కడ లేతగా దొరుకుతుందా అని వెతికేదాన్ని. భోజనంలో ఆవిడ ఆ పచ్చడి రెండోసారి వడ్డించుకుంటే ఆ పూటకి నా మనసు నిండేది.