బాబును చూపించి రాసుకున్న మాటలు

మా బాబుకి జ్వరం వచ్చిన మూడో రోజుకి నాకు అందరి మీదా అనుమానం పుట్టింది, అందరికంటే ఎక్కువ నా మీదే.

మావారు అటవీ శాఖ పని మీద కేంపులో ఉన్నారు. డాక్టరు కావాలంటే కొండ దిగి బండి మీద రెండు రోజులు పోవాలి. డుంబ్రిగుడ అనే కొండ ఊరి పక్కన మా ఇంట్లో నేను, ఏడాదిన్నర బాబు, వాణ్ణి ఎత్తుకోవడానికి వచ్చే కొండ మనిషి ఒకామె. ఆమెను నేను అప్ప అని పిలిచేదాన్ని.

జ్వరానికి వారం ముందు నేనొక పని చేశాను. మద్రాసు కాలేజీలో మా మాస్టారు తురుష్కం, మంగోలు, మంచూ భాషలు ఒక్క తల్లి పిల్లలని, ఆల్తాయ్ కొండల పేరుతో ఆ కుటుంబాన్ని పిలుస్తారని చెప్పేవారు. మన తెలుగు కూడా వాటికి దూరపు చుట్టమేనని వెనకటి పండితులు కొందరు అన్నారట. మాస్టారికి నమ్మకం లేదు, అయినా తేల్చుకోవాలని ఉంది. కొండ భాషలో ఒంటి భాగాల పేర్లు కావాలని నాకు ఉత్తరం రాశారు. ఆ మూడు భాషల మాటలు మూడు వరసల్లో ఆయనే రాసి పంపారు. నాలుగో వరస నేను నింపాలి.

బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని కన్ను, ముక్కు, చెవి ఒక్కొక్కటే ముట్టుకుని అప్పని అడిగాను.

"మీ ఊర్లో కన్నుకి పేరు నేదేటమ్మా, మమ్మల్ని అడుగుతన్నావు?" అని నవ్వి, చెప్పింది. వాళ్ల మాటా మన మాటా దాదాపు ఒకటే. పొంగిపోయాను. కడుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. గుంటడి ఒళ్లు ముక్కలు చేసి కాగితం మీద పెట్టకూడదని, కావాలంటే తన ఒళ్లు చూపించి రాసుకోమని చెప్పింది. ఎవరికో దెబ్బ తగిలిన చోటు నా ఒంటి మీద చూపించబోతే మా అమ్మ కూడా ఇలాగే నా చెయ్యి లాగేసేది. అది గుర్తొచ్చినా నవ్వేసి, బాబు మీదే చూపించి అడుగుతూ గుండె, నెత్తురు దాకా రాసుకున్నాను.

మూడో రోజు పొద్దున బాబు కళ్లు తెరవలేదు. క్వినైను పట్టిస్తే కక్కేశాడు. అప్ప వాడి పాదాలు పట్టుకు చూసి ఆ కాగితం ఏదని అడిగింది. పొయ్యిలో పెట్టేస్తానన్నాను.

"కాల్సీకమ్మా. గుంటడు మరీ కాలిపోతాడు. ఏటి తీసుకున్నావో అది తిరిగిచ్చెయ్."

వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, ఒక్కొక్కచోట చెయ్యి వేస్తూ ఆమె చెప్పిన మాటలన్నీ చదివాను. తప్పు పలికితే ఆమె దిద్దింది, నవ్వకుండా. నాలుగో వరస అయిపోయాక కూడా నేను ఆగలేకపోయాను. ఏ వరస ఏం పట్టుకుందో ఎవరికి తెలుసు? వాడి మూసిన కళ్ల మీద చెయ్యి వేసి గోజ్, నిదున్, యాసా అంటూ మిగతా మూడు వరసలూ చదివాను. ఆ భాషలు మాట్లాడే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. తప్పు పలికితే దిద్దేవాళ్లు లేరు.

మధ్యాహ్నం మళ్లీ క్వినైను పట్టించాను. ఈసారి కడుపులో నిలిచింది. సాయంత్రానికి చెమట పట్టి నీళ్లు అడిగాడు.

మాస్టారి దగ్గర నుంచి తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. జవాబు రాయలేదు. ఆ కాగితం పంపాలంటే భయం, చింపాలంటే అంతకంటే భయం. బి.ఏ. చదివినదాన్ని, ఈ సంగతి మావారితో కూడా చెప్పలేదు. బాబు తుమ్మితే చాలు, ముక్కు ఎన్నో గడిలో ఉందో గుర్తు చేసుకుంటున్నాను.