ఏడు ముళ్ళ వెడల్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కొత్తపేటలో అందరూ అనేవారు. కాదనను. రోజూ సినిమా హాలు కేబిన్లో యంత్రం వెలుగు కోసం మండే కార్బన్ పుల్లల పక్కన నిలబడేవాడికి చల్లని స్వభావం ఎక్కణ్ణుంచి వస్తుంది? యాభైల చివరి సంవత్సరాల్లో నేను అక్కడి పెంకుల హాల్లో ఆపరేటర్ని.

అప్పటిదాకా మేము ఆడించిన బొమ్మలన్నిటికీ ఒకటే కొలత. వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. తెర కొలవడానికి నా దగ్గర నాలుగేసి అడుగులకి ఒక ముడి వేసిన కొబ్బరి తాడు ఉండేది. మా తెర నాలుగు ముళ్ళ వెడల్పు, మూడు ముళ్ళ ఎత్తు. ఇంతలో వెడల్పు తెర సినిమాలు బయల్దేరాయి. వాటిలో బొమ్మని కెమెరా దగ్గరే పక్కల నుంచి నొక్కి ఫిల్ములో ఇరికిస్తారు. హాల్లో యంత్రం మూతికి ఇంకో కటకం, మా భాషలో అద్దం, తగిలించి దాన్ని మళ్ళీ అటూ ఇటూ సాగదీయాలి. ఎత్తు ఆ మూడు ముళ్ళే. వెడల్పు మాత్రం ఏడు ముళ్ళవుతుంది. అమలాపురంలో అలాంటిది ఆడిందని తెలిసిన దగ్గర్నుంచి మా ప్రొప్రైటరుగారికి కాలు నిలవలేదు.

కొత్త తెరకి చట్రం చెయ్యమని ఊళ్ళో ఇళ్ళు కట్టే పెద్ద వడ్రంగి మేస్త్రిగారికి చెప్పారు. ఇరవై ఎనిమిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తు అని నేను కాగితం మీద రాసిచ్చాను. వారం పోయాక చూద్దును కదా, చట్రం ఇరవై ఏడుకి పదమూడు.

"ఇదేంటండి మేస్త్రిగారూ, నేనిచ్చిన కొలతేంటి, మీరు చేసిందేంటి?"

"మీ కొలతకి ఆయం కుదర్లేదండి. రెండూ హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే ఏమీ మిగల్లేదు. కాకాయం, మంచిది కాదండి. ఇటో అడుగు తీసేసి అటో అడుగు కలిపేను. ఇప్పుడు ఏడు మిగిలిందండి, గజాయం, శుభం."

మా వైపు గొడ్లసావిడి వేసినా ఆయం అనే ఆ వాస్తు లెక్క చూడనిదే ఉలి కదలదు. అది కట్టడాలకి. బొమ్మకి ఆయం ఏమిటి? ఆ మాటే గట్టిగా అడిగాను. "గాడిదగుడ్డు ఆయం" అని కూడా అన్నాను. ఆయన ఉలి సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

ప్రొప్రైటరుగారు నన్ను పిలిచారు. "పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటలేంటండి? అడుగు తేడా సర్దుకోలేరా?"

"సర్దుకోడానికి ఇదేమన్నా పెళ్ళిపందిరాండి?"

"అయితే సరేనండి. రాజమండ్రి నుంచి ఓ ఆపరేటరుగారిని రమ్మన్నాను. శుక్రవారం మొదటాట చూస్తారు. బొమ్మ తెర దాటి గోడెక్కిందా, శనివారం నుంచి కేబిన్ ఆయనది."

పదేళ్ళుగా ఆ కేబిన్ తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు?

గురువారం పొద్దున్నే రీళ్ళ పెట్టెలూ, అద్దెకి తెచ్చిన కొత్త అద్దమూ రేవు దాటి వచ్చాయి. తలుపులు మూసి పరీక్ష చేశాం. ముందు అద్దం లేకుండా వేసి చూపించాను. మనుషులు పోకచెట్లలా సన్నగా, నిలువుగా కనిపించారు.

"వీళ్ళకేంటండి, నెల్లాళ్ళుగా లంఖణాలా?" అన్నారు ప్రొప్రైటరుగారు.

అద్దం తగిలించాను. మనుషులకి ఒళ్ళొచ్చింది, సముద్రం ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరుచుకుంది. అక్కడిదాకా బాగానే ఉంది. చట్రం అడుగు తగ్గింది కనక పక్కలకి చెరో అరడుగు బొమ్మ పొర్లి సున్నం గోడ మీద పడింది. ఎత్తు అడుగు పెరిగింది కనక పైనా కిందా చెరో అరడుగు తెల్లగుడ్డ ఖాళీగా మిగిలింది. యంత్రం వెనక్కి జరిపి నింపెయ్యమన్నారు ప్రొప్రైటరుగారు. పైన నిండితే పక్కలకి ఇంకా పొర్లుతుందన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందండి మీ వరస" అని ఆయన లేచిపోయారు.

వీధిన పడ్డాను. మలుపులో గొడుగులు బాగుచేసే ఆయన నల్లగుడ్డ ఎండకెత్తి చిల్లులు వెతుకుతున్నాడు. అంత ఎండా ఆ గుడ్డలో పడి మాయమైపోతోంది. అక్కడే ఆగిపోయాను. వెలుగుని మింగే గుడ్డ గోడ మీద ఉంటే, పొర్లిన బొమ్మ ఎవడికి కనిపిస్తుంది? ఉన్న తానంతా కొనేశాను.

కానీ దాన్ని బిగించాలంటే మేస్త్రిగారే కావాలి. వాళ్ళ గుమ్మంలో నిలబడి, "తప్పయిందండి, నోరు జారేను" అన్నాను. నా జన్మలో అంత కష్టమైన మాట ఇంకోటి అనలేదు.

"ఆయం మార్చమనరు కదండీ?" అన్నారాయన.

"అంగుళం కూడా ముట్టుకోనండి."

బొమ్మ కొలత మారినప్పుడల్లా జరిగే పరదాలు కూడా కావాలన్నాను, ఆయన రెండు నూతి గిలకలు పట్టుకుని వచ్చేశారు. పైనా కిందా మిగిలిన అరడుగుల మీద నల్లగుడ్డ కొట్టాం, పక్క గోడల మీదా కొట్టాం. ఇవాళ ఒప్పుకుంటాను, ఆయన కలిపిన అడుగే లేకపోతే పైనా కిందా బొమ్మ అంచుని గీత గీసినట్టు తెగ్గొట్టే నల్లగుడ్డ కొట్టడానికి నాకు చోటే ఉండేది కాదు. గిలకల మీద వేరే కొబ్బరి తాడు వేసి, అటొకటి ఇటొకటి నల్ల పరదాలు కట్టాం. పాత కొలత బొమ్మకి పరదాలు నాలుగు ముళ్ళ దగ్గర నిలుస్తాయి. కొత్తదానికి తాడు లాగితే గోడల దాకా పోతాయి.

శుక్రవారం మొదటాట. ముందు పాత కొలతలో వార్తల రీలు వేశాను.

"ఇదేనేటండి వెడల్పు? పాత తెరే కదండీ ఇది" అని బెంచీల్లో గొణుగుడు మొదలైంది. రీలు మార్చి, అద్దం తగిలించి, కేబిన్ కన్నంలోంచి దీపం ఊపాను. తెర పక్కన మేస్త్రిగారు తాడు లాగారు.

పరదాలు కదిలాయి, వాటి వెనకాలే సముద్రం కూడా జరుగుతూ పోయింది. నాలుగు ముళ్ళు దాటింది, అయిదు, ఆరు, ఇంకా ఆగలేదు. జనం గొణగడం మానేశారు. ఆడవాళ్ళ వైపు బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి. తర్వాత పెంకులు ఎగిరిపోయేటట్టు ఈలలు. కేబిన్లో ఒక్కణ్ణీ గట్టిగా నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. సాధించాను అనుకున్నాను, సిగ్గులేకుండా పైకే అన్నాను.

ఆట అయ్యాక ప్రొప్రైటరుగారు రాజమండ్రి ఆపరేటరుని కేబిన్‌కి తీసుకొచ్చారు. తాళంచెవి అడుగుతారేమోనని నా చెయ్యి మొల దగ్గరికి పోయింది. ఆ వచ్చినాయన యంత్రం వంక చూడనైనా చూడలేదు.

"ఆ గిలకల ఏర్పాటు మా హాల్లో కూడా పెట్టుకోవాలండి. అదుగో, ఆ ముళ్ళ కొలత తాడు ఓ రెండ్రోజులు ఇస్తారా?" అన్నాడు.

ప్రొప్రైటరుగారు తాళంచెవి ఊసెత్తలేదు, ఇవ్వాలా వద్దా మీ ఇష్టమన్నట్టు నా మొహంలోకి చూశారు.

"తాడు ఇవ్వనండి. కూర్చోండి, ముళ్ళు లెక్కపెట్టుకోండి" అన్నాను.