రెండో బంతిలో మజ్జిగ

మా నాయనమ్మ పోయిన రోజు తెనాలిలో మా వీధి వీధంతా ఒకటే మాట. "పుణ్యాత్మురాలు, పసుపు కుంకుమలతో పోయింది." విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయింది. పుణ్యమట పుణ్యం! పాసింజరెక్కితే గంటలో దిగిపోయే పుట్టింటికి ఆవిణ్ని ఏళ్ల తరబడి వెళ్లనివ్వలేదు.

కారణం మజ్జిగ. నవ్వొస్తే నవ్వండి. ఎనభైల మొదట్లో రేపల్లెలో నాయనమ్మ తమ్ముడి కూతురి పెళ్లి. తాతయ్య ఆ ఇంటికి పెద్దల్లుడు. మొదటి బంతిలో కూర్చోబెట్టలేదన్న కోపం అప్పటికే ఉంది. రెండో బంతిలో ఆయన ఆకు దగ్గరికొచ్చేసరికి పెరుగైపోయి, వడ్డించేవాళ్లు మజ్జిగ పోశారు. అంతే, ఆకు ముందునుంచి లేచిపోయాడు.

"అల్లుడికి మజ్జిగ పోసే కొంప గడప మళ్లీ తొక్కను. నువ్వు తొక్కావా, అటే ఉండిపో" అని నాయనమ్మను రెక్క పట్టుకుని స్టేషనుకి లాక్కొచ్చాడు. తమ్ముడు ప్లాట్‌ఫారం దాకా వచ్చి కాళ్లు పట్టుకున్నా వినలేదట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి మా తాతయ్య.

ఆ తర్వాత నాయనమ్మకి పుట్టిల్లంటే ఎండురొయ్యలమ్మే ఆవిడే. రేపల్లె నుంచి బండిలో వచ్చి మా అరుగు మీద గంప దించేది. నాయనమ్మ రొయ్యలు చేత్తో కెలుకుతూ, లోపలికి వినపడకుండా అడిగేది.

"మా తమ్ముడు కనపడ్డాడా?"

"కనపడ్డారమ్మగారూ. అక్కని అడిగానని చెప్పమన్నారండి."

"చిక్కాడా?"

"కాస్త దగ్గుతున్నారండి."

ఆ దగ్గు మాట కోసం ఇంకో రెండు దోసిళ్లు కొనేది. వంటింట్లో డబ్బాలన్నీ ఎండురొయ్యలే. "ఈ రొయ్యల పిచ్చేంటే నీకు?" అని విసుక్కుంటూనే తాతయ్య వంకాయ కూరలో వేస్తే లొట్టలేసుకుంటూ తినేవాడు.

నాకు జడ వేస్తూ నాయనమ్మ తన పుట్టింటి కబుర్లే చెప్పేది. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని తిరిగిందట, వాడు తన చేత్తో కలిపితే తప్ప ముద్ద మింగేవాడు కాదట. "నీ పెళ్లికి వాడొస్తాడులే. అప్పుడు ఎవరాపుతారో చూస్తా" అనేది. పాపం, పిచ్చి నాయనమ్మ, నా పెళ్లి మీద పెట్టుకుంది ఆశంతా.

తమ్ముడి దగ్గు ముదిరిందని తెలిసిన రోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఒక్కసారి చూసొస్తానండి. సాయంత్రం బండికి వచ్చేస్తాను."

తాతయ్య పేపర్లోంచి తలెత్తలేదు. "వెళ్లు. బట్టలు కూడా సర్దుకెళ్లు."

కన్నకొడుకు, మా నాన్న, అక్కడే ఉండి విననట్టు చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. మా అమ్మ మాత్రం, "మీరు వెళ్లండత్తయ్యా, ఏమవుతుందో నేను చూస్తాను" అంది. "వద్దులేమ్మా, ఈ వయసులో వీధిన పడటం దేనికి" అని నాయనమ్మ బియ్యం కడగడానికి లేచింది. అప్పటికీ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకోలేదు, నేనే ఏడ్చాను.

తమ్ముడు కోలుకున్నాడు. ఆవిడే పోయింది, తొంభైల్లో ఒక వేసవిలో, గుండెపోటుతో. బాపట్లలో డిగ్రీ చదువుతున్న నేను కబురందుకుని వచ్చేసరికి ఐసు దిమ్మల మీద పడుకోబెట్టారు. ఎండ మండిపోతోంది, శవాన్ని ఇంకా లేపలేదు. ఎందుకంటే పుట్టింటి చీర రావాలి. ముత్తైదువ పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పందే పాడె లేవకూడదట.

"పుట్టింటివాళ్లు రాకుండా ఎలా లేపుతార్రా? నలుగురూ ఏమనుకుంటారు?" అంటున్నది ఎవరో కాదు, తాతయ్యే! మా నాన్నని తెల్లారి బండికే రేపల్లె తరిమాడట. బతికుండగా లేని పుట్టిల్లు చచ్చాక ఎక్కణ్నుంచి వచ్చిందో!

నాయనమ్మ తమ్ముడు, రేపల్లె తాతయ్య, మధ్యాహ్నానికి వచ్చాడు, చంకలో కాగితం పొట్లంతో. మా తాతయ్య ఎదురెళ్లి వాటేసుకుని, "మీ అక్క నన్ను అన్యాయం చేసి పోయింది బావా" అని భోరుమన్నాడు. ఆయన మెల్లగా విడిపించుకుని, "చీర తెచ్చానండి. ఎక్కడుంది మా అక్క?" అన్నాడు.

పెద్దకర్మ రోజున ఇద్దరూ పక్కపక్కనే భోజనానికి కూర్చున్నారు. జనం ఎక్కువయ్యారు. వడ్డిస్తూ నేను వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి పెరుగు గిన్నె ఖాళీ.

"పెరుగైపోయింది తాతయ్యా. మజ్జిగే ఉంది" అన్నాను.

మా తాతయ్య లేస్తాడని చూశాను. లేవాలనే కోరుకున్నాను. ఆకు మీంచి లేచి గడప దాటి పోతే, పోనీ ఆ మజ్జిగ ఆయనకి నిజంగానే అంత పెద్ద విషయం అనుకుందును.

"దానికేముందే, పొయ్యి" అన్నాడు, అన్నం మధ్యలో గుంట చేసుకుంటూ.

పోశాను. జుర్రుకుంటూ తాగాడు. రేపల్లె తాతయ్య కాసేపు ఆ ఆకు వైపే చూసి, తన ఆకులో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

దానికేముందిట!