పరిగె లేని చేను

సూర్యాపేటకు నోరూరింది, మా ఊరి నోరు కొట్టింది మాత్రం మేమే. పట్నంలో నవాబు పాలన పోయిన మరుసటి ఏటి సంగతి. హైదరాబాదు, బెజవాడ బస్సులు పేటలో ఆగేచోట కొత్తగా హోటళ్లు లేచాయి. వాటికి రోజూ తాజా కూరగాయలు కావాలి. పేటకు కోసెడు దూరంలో బావి కింద భూమి ఉన్న మా మామ, తాతల నాటి నుంచి జొన్న పండిన చేనును దున్ని వంగనారు పెట్టాడు. కాపంతా పేట షావుకారు గుత్తకు మాట్లాడుకున్నాడు. ఆ వంగకు నీళ్లు పెట్టి మా ఇంటిల్లిపాది నడుములు వంగాయి.

నేనప్పుడు కోదాడ వైపు నుంచి వచ్చిన కొత్త కోడల్ని. కోత రాదు గానీ కోతలు కోయడం బాగా వచ్చు. "మా వైపు తోటలు ఇంకా బాగుంటాయండీ" అన్న పాపానికి కాయలు తెంపే పని నాకే తగిలింది.

జొన్న పోయేసరికి ముందు పస్తులున్నవి ఎడ్లు. చొప్ప లేదు. మామ మిర్యాలగూడ వైపు బండి కట్టుకుని పోయి, వేములపల్లి నుంచి వరిగడ్డి తెచ్చాడు. నా వంట ముందు కూర్చున్న మా ఆయనలాగే ఎడ్లు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకున్నాయి.

గడ్డి అయితే ఎక్కణ్నుంచో తేవచ్చు. పరిగె ఎక్కణ్నుంచి తేవాలి?

మా చేలో ఏటా పరిగె ఏరుకునే ముసలమ్మ ఒకామె ఉండేది. వెనకా ముందూ ఎవరూ లేరు. కోతయి, పంట బండికెక్కి చేను దాటిందంటే, నేల మీద రాలిన కంకులు ఏరుకున్నవాళ్లవి. ఒకరు అడిగేది లేదు, ఒకరు ఇచ్చేది లేదు. ఆ గింజలే ఆమెకు వానలు పడేదాకా తిండి.

ఆ పొద్దున వంకాయ గంపలు బండికెక్కాయి. గట్టు మీద కూర్చుని చూస్తున్న ఆమె, బండి కదలగానే కొంగు నడుముకు దోపి చేలోకి దిగింది. చెట్ల మీద మిగిలిన పిందెలన్నీ తెంపి గంపలో వేసుకుంది. ఆమెకు అవి పరిగె. షావుకారుకు అవి వచ్చే కోత.

షావుకారు పెట్టిన కావలివాడు పరుగున వచ్చి గంప గుంజుకున్నాడు. పిందెలు మట్టిలో కుమ్మరించాడు.

"దొంగదానా! పట్టపగలే దోస్తున్నవా?"

"నేనెట్ల దొంగనయితరా? బండి పోలే? బండి పోయినంక పరిగె గాదా?"

"గిది వంగతోటనే ముసల్దానా! దీనికి పరిగె గిరిగె ఉండది."

ఆమె గట్టు మీదున్న మా మామ వైపు తిరిగింది. "పటేలా, నువ్వు చెప్పు. గీ చేనుకు కోత ఎప్పుడు ఖతమైతది?"

మామ సరిగ్గానే ఉన్న తలపాగాను మళ్లీ సర్దుకున్నాడు. "ఇంటికి రా అవ్వా, జొన్నలు పెడత."

"ఇయ్యాల నువ్వు పెడితే తింట. రేపు నీ కోడలు పెడితే తింట. ఎల్లుండి సంది మీ గడపల కూసోని మీ మొకాలు సూడాల్నా?"

"సూస్తే ఏమైతదే?"

"నీకేం గాదు. నాకే అయితది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ పిందెలన్నా తీసుకోనివ్వండి మామా" అన్నాను.

"నువ్వూకో బిడ్డా. షావుకారుతోని మాటయింది."

మాటట! మొన్నమొన్న షావుకారుతో అయింది మాట. తాతల నాటి నుంచి ఆమెతో ఉన్నది మాత్రం మాట కాదట. అది నోటితో అనలేదు కదా మరి, చెల్లదు! పేటలో ఎవరి విస్తట్లోనో కూర తగ్గకూడదని ఇక్కడ ఒక మనిషి తిండిని మట్టిలో పోస్తే, మా ఇంటి పెద్దమనిషికి తలపాగా మాత్రమే వంకరగా కనిపించింది.

ఆమె ఒక్క చెట్టునూ తొక్కకుండా గట్టెక్కి వెళ్లిపోయింది. మా ఇంటికి జొన్నలకు రాలేదు.

మరుసటి ఏడు చుట్టుపక్కల బావుల కింద అన్నీ తోటలే. నడిగూడెం వైపు ఇంకా జొన్న వేస్తున్నారని ఎవరో చెబితే గంప పట్టుకుని పోయిందట. తమ ఊరి ముసలమ్మలకే పరిగె చాలడం లేదని అక్కడివాళ్లు తిప్పి పంపారట. ఆ తరవాత ఎటు పోయిందని మామనడిగాను.

"ఏడనో ఓకాడ బతుకుతది తియ్" అన్నాడు, ఎడ్లకు వరిగడ్డి వేస్తూ.

బతకడానికి పరిగె ఉన్న చేను కావాలి. అది ఏడనుందో ఆయన చెప్పలేదు.