ట్యాంకులో దొరికిన పాట

మా బ్యాండు ఎందుకు విడిపోయిందని ఇప్పటికీ అడుగుతారు. క్రాంజీలో మా పనివాళ్ళ డార్మిటరీలో పాతవాళ్ళు, తువాస్ షిప్‌యార్డు క్యాంటీన్లో ప్లేటు పట్టుకొచ్చి నా పక్కన కూర్చునేవాళ్ళు, ఒక్కోసారి నాకు మొహం కూడా తెలియనివాళ్ళు. "అంత బాగా వాయించేవోరు కదన్నా, ఏటయింది?" అంటారు. "పర్మిట్లు అయిపోయాయి, ఎవరూరికి వాళ్ళు పోయారు" అంటాను. ఆ జవాబు నా సొంతం కాదు. అలాంటిది ఒకటి తయారుగా పెట్టుకోవాలని యూ టీ పేటలో ఉండే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను.

ఆయన్ని మేమంతా అంకుల్ అనేవాళ్ళం. ఆయన తాతల కాలం నుంచీ ఈ దేశంలోనే. తెలుగు మాట్లాడితే సగం అరవం, సగం ఇంగ్లీషు, చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా'. కుర్రతనంలో ఆయన ఇక్కడి రాక్ బ్యాండులో బాస్ గిటారు వాయించారు. మగవాళ్ళు భుజాల దాకా జుట్టు పెంచి, పువ్వుల చొక్కాలు వేసుకుని, ఒక్కో పాటని పావుగంట సాగదీసిన కాలం. సైకడెలిక్ అనేవారట ఆ సంగీతాన్ని. ఇప్పటికీ తిండి దుకాణాల హాకర్ సెంటర్లో కాఫీ తాగుతుంటే తల నెరిసినవాళ్ళు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, ఎందుకు విడిపోయారని అడుగుతారు. "ఆర్మీకి పిలిచారు, జుట్టు కత్తిరించుకోమన్నారు, పెళ్ళిళ్ళయిపోయాయి. అంతే లా" అంటారాయన నవ్వుతూ. ఎన్నిసార్లు విన్నా అక్షరం తేడా ఉండేది కాదు.

మేం నలుగురం. అందరం శ్రీకాకుళం వైపువాళ్ళమే. ఒకడు పాడేవాడు, ఒకడు కీబోర్డు, నేను డ్రమ్స్. నా గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎవరైనా తాళం తప్పితే చేతిలో కర్ర విసిరికొట్టేవాణ్ణి. నాలుగోవాడు గిటారు. ఊళ్ళో చర్చిలో నేర్చుకున్నాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. మా ముగ్గురిదీ వాయింపు, వాడిదే సంగీతం. ఆ మాట వాడున్నప్పుడు ఒక్కసారి కూడా వాడితో అనలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు అంకుల్ ఫ్లాట్‌లో సాధన చేసేవాళ్ళం. మొదటిరోజు ఆయన వాళ్ళ పాత రికార్డు పెట్టారు. గిటారు మోత ఒకటి ఎక్కడికో వెళ్ళి, అక్కడ దేన్నో తాకి, తిరిగి మనకేసి వస్తుంది. మా గిటారు బావ లేచి స్పీకరు పక్కన చతికిలబడ్డాడు.

"ఈ సౌండు నాకు తెలుసు బావా. ట్యాంకులో ఇలాగే ఉంటాది" అన్నాడు.

వాడు ఓడల్లో పెయింటరు. ఓడ అడుగున నీళ్ళు నింపే పెద్ద ట్యాంకులుంటాయి. మనిషి పట్టేంత గుండ్రటి కంత ఒకటే దారి. దాన్లోంచి దిగి లోపల గోడలకి పెయింటు కొడతారు. ఆ కంత దగ్గర బయట కూర్చునే మనిషిని నేను. దిగేవాడు తన పేరున్న బిళ్ళ నా బోర్డుకి తగిలించి దిగుతాడు, పైకొచ్చాక తీసుకుంటాడు. గాలి పంపే గొట్టం నడుస్తోందా, మీటరు ఎంత చూపిస్తోంది, మొహం మీద మాస్కు ఉందా, ఇవి చూసి కాగితంలో సంతకం పెట్టడం నా పని. దీనికి కూడా ఒక మనిషెందుకురా అని కొత్తలో నవ్వుకునేవాణ్ణి.

ఆ వారంలోనే ఒకరోజు పెయింటు గన్ను ఆపి, చెయ్యి నొప్పి తీరేదాకా వాడు లోపల పాడటం మొదలెట్టాడు. మాటల్లేవు, వట్టి రాగం. ఇనుప గోడల మధ్య ఆ గొంతు నాలుగు గొంతులై, ఒకదాని వెనక ఒకటి పైకొచ్చింది. కంత దగ్గర కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించింది. ఆ చోట ఫోను బయటికి తియ్యకూడదు. తీశాను. కంత అంచున పెట్టి రికార్డు చేశాను. అప్పటినుంచి రోజూ పాడేవాడు. మాస్కు గడ్డం కిందికి లాగి పాడేవాడు. నేను వినేవాణ్ణి.

ఆ రాగమే మా బ్యాండుకి పేరు తెచ్చింది. దాన్ని గిటారు మీద ఎక్కించి డార్మిటరీ హాల్లో వాయించిన రోజు, మామూలుగా ఫోన్లలో తలదూర్చుకునే జనం లేచి నిలబడ్డారు. బంగ్లా వాళ్ళు, తమిళ వాళ్ళు, చైనా వాళ్ళు కూడా. అయిపోయాక చాలాసేపు ఎవ్వరూ కూర్చోలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, నా పెళ్ళిలో కూడా.

తర్వాత వాడిలో చిన్న చిన్న తేడాలు కనపడ్డాయి. పొద్దున్నే తలనొప్పి అనేవాడు. స్నానం చేసొచ్చినా థిన్నరు వాసన పోయేది కాదు. అన్నం కలిపి, తినకుండా కలుపుతూనే కూర్చునేవాడు. నేను తిడితే, తిట్టిన కాసేపటికి నవ్వేవాడు. వారం వారం వెళ్ళే యూ టీ స్టేషన్లో దిగకుండా ఎక్కడిదాకానో వెళ్ళిపోయి ఫోను చేసేవాడు. ఒక షోలో పాట మధ్యలో ఒకే తీగని పట్టుకుని మీటుతూ ఉండిపోయాడు. నేను తాళం మార్చాను, మిగతా ఇద్దరూ సైగలు చేశారు. వాడు ఎటో చూస్తూ అదే తీగ మీటాడు. జనం ఈలలు వేశారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయాం. అంకుల్ రికార్డుల్లో అలాంటివే వినీ వినీ, వాడికి ఆ స్టైలు పట్టుబడిందనుకున్నాం.

తర్వాతి ఆదివారం అంకుల్ ఇంట్లో మళ్ళీ అలాగే జరిగింది. ఒకటే తీగ. అంకుల్ మాతోపాటు వాయిస్తున్న బాస్ ఆపేశారు. సాధన అయ్యాక నన్నొక్కణ్ణే వంటగదిలోకి పిలిచారు.

"తంబీ, ఈ పిల్లవాడు ఏం తీసుకుంటున్నాడు?"

"ఏమీ లేదంకుల్. బీరు కూడా ముట్టడు."

ఆయన టీ పొయ్యి మీద పెట్టి, నా వైపు చూడకుండా చెప్పారు. "మా గిటారిస్ట్ కూడా ఇట్లానే తంబీ. వాడు పిల్స్ వేసేవాడు. స్టేజీ మీద సేమ్ నోట్, సేమ్ నోట్. పబ్లిక్ అంతా క్లాప్స్. మేం జీనియస్ అనుకున్నాం లా. తర్వాత భయం వేసింది. నెక్స్ట్ షో ఉందని వాడికి చెప్పలేదు. అంతే, చెప్పలేదు. వాడు ఎట్లానో తెలుసుకుని వచ్చాడు. జనంలో ముందు నిల్చున్నాడు. షో అయ్యేదాకా మా వేళ్ళు చూస్తా ఉన్నాడు."

"తర్వాత?"

"తర్వాత బ్యాండ్ లేదు." ఆయన కప్పులు కడగడం మొదలెట్టారు. అప్పటికే కడిగిన కప్పులవి. "ఈ పిల్లవాడికి పని ఎక్కడ?"

"ఓడల్లో. ట్యాంకులో పెయింటింగు."

ఆయన చేతులు ఆగిపోయాయి. "మాస్క్ వేస్తాడా?"

"వేస్తాడంకుల్" అన్నాను.

వాడి తలకెక్కుతున్నది ట్యాంకులో థిన్నరు ఆవిరేనని ఆ క్షణంలో నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. ఆ కాగితాల మీద సంతకాలన్నీ నావే. చెబితే వాణ్ణి డాక్టరు దగ్గరికి పంపుతారు, పర్మిటు తీసేస్తారు, విమానం ఎక్కిస్తారు. వాడి కోసమే నోరు మూసుకున్నానని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. అది అబద్ధం. మాస్కు లేకుండా వాణ్ణి పాడనిచ్చిందెవరని అడుగుతారని భయపడ్డాను. మర్నాటి నుంచి మాస్కు తియ్యొద్దని కంతలోంచి కేకలేశాను. వాడు సరే బావా అనేవాడు, కాసేపటికి మర్చిపోయేవాడు.

ఆఖరి షో తువాస్‌లో. మధ్యాహ్నం కంపెనీ లారీ అడిగి పుచ్చుకున్నాం. వాడు పొద్దున్న చర్చికి వెళ్ళి, క్రాంజీలో సమాధుల తోట దగ్గర బస్‌స్టాపులో నిలబడతానన్నాడు. లారీలో మిగతా ఇద్దరూ డ్రమ్ములతో వెనక, నేను డ్రైవరు పక్కన. ఆ ఒకటే తీగ స్టైలు కాదని అప్పటికి వాళ్ళకీ తెలిసిపోయింది. వెనక నుంచి అద్దం మీద కొట్టి, "ఈసారీ వాడు పాడుచేస్తే పరువుండదు బావా" అన్నారు. వాడు దూరం నుంచే కనపడ్డాడు. తెల్ల చొక్కా, ఎండలో గిటారు సంచి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. డ్రైవరు స్పీడు తగ్గించి నా వైపు చూశాడు. ఆపాలా అని ఒకసారి, మళ్ళీ ఒకసారి అడిగాడు.

"పోనీ" అన్నాను.

వాడు మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. లారీ దాటిపోయాక కూడా ఆ చెయ్యి దించలేదు. నేను అద్దంలో చూశాను.

ఆ షోలో తాళం ఒక్కటి కూడా తప్పలేదు. ఎవరూ లేచి నిలబడలేదు.

మర్నాడు వాడు ఏమీ అడగలేదు. బిళ్ళ తగిలించి ట్యాంకులోకి దిగాడు. పాడలేదు. కేకలెయ్యకుండానే మాస్కు ఉంచుకున్నాడు. ఆ వారమంతా లోపల్నుంచి పెయింటు గన్ను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వాడు చల్లబడ్డాడు, ఇక బాగుపడతాడు అనుకున్నాను. శుక్రవారం నేను మీటరు రాసుకుని తలెత్తేసరికి వాడు కంత పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో బిళ్ళ. దాన్ని బోర్డు దాకా తీసుకెళ్తాడు, ఆగుతాడు, మళ్ళీ జేబు దగ్గరికి తెస్తాడు. చాలాసేపు అలా చేశాడు.

"ఏటి బావా?" అన్నాను.

"నాను దిగాలా? ఎక్కొచ్చీసానా?"

నా వెనకే వచ్చిన సూపర్‌వైజరు ఆ మాట విన్నాడు, భాష రాకపోయినా ఆ మొహం చూశాడు. వాణ్ణి చెయ్యి పట్టుకుని క్లినిక్కుకి తీసుకుపోయాడు. ట్యాంకులో పీల్చిన ఆవిరి గురించి డాక్టరు అడిగితే, మా బావ బుద్ధిగా, మాస్కు ఎప్పుడూ వేసుకునేవాడినని చెప్పాడట. నన్ను కాపాడటానికన్నాడో, నిజంగానే మర్చిపోయాడో నాకు తెలియదు. మూడు వారాల్లో ఇంటికి పంపేశారు. బ్యాండు అక్కడితో సరి. నాకు తర్వాతి ఏడాది ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు కొత్తవాళ్ళకి మాస్కు ఎలా పెట్టుకోవాలో నేర్పేది నేనే. క్లాసులో చాలా కఠినంగా ఉంటానని పేరు.

అంకుల్ ఇంటికి వెళ్ళడం మానేశాను. ఆయన ఫోను చేస్తే ఎత్తలేదు.

మొన్నీమధ్య బావ భార్య ఫోను చేసింది. "అన్నయ్యా, ఆయన పొద్దున్నుంచీ ఏదో పాట, ఏదో పాట అంటన్నారు. ట్యాంకు పాటట. మీ కాడ ఉందేటి?" అంది. ఉందన్నాను. పంపుతానన్నాను. చాలా కాలం తర్వాత మొదటిసారి మొదటి నుంచీ విన్నాను.

ఆ రికార్డింగు మొదట్లో వాడి గొంతు స్పష్టంగా ఉండదు. మాస్కు వెనకనుంచి బొంగురుగా, దుప్పట్లోంచి వచ్చినట్టు వస్తుంది. తర్వాత దగ్గర్లోంచి నా గొంతు. "ఏటీ ఇనబడ్డం నేదు బావా. ఆ మాస్కు తీసీసి పాడు." రబ్బరు పట్టీ లాగిన చప్పుడు. అప్పుడు ఆ రాగం, నాలుగు గొంతులతో, పైకి.

ముందు భాగం కోసేశాను. రాగం మొదలైన చోటునుంచి పంపించాను.

సాయంత్రం ఆమె మళ్ళీ చేసింది. "పదిసార్లు ఇన్నారన్నయ్యా. బాగుంది, నాదే అంటన్నారు." వెనకాల ఫోనులో ఆ రాగం వినపడుతూనే ఉంది. "కానీ దీనికి ముందు ఇంకేదో ఉండాలంటన్నారు. ఎవరో ఏదో అన్నారు, అది లేదేటి అని అడుగుతన్నారు. తెల్లారి నుంచి తిన్నదే గుర్తుండదు ఆయనికి. ఉందేటన్నయ్యా?"

"లేదమ్మా" అన్నాను. "మొదలు రికార్డవలేదు."